కాళ్లు ఎట్లున్నయ్?

పదకొండు నిమిషాలు. నా మొదటి సైకిల్ రేసులో నేను గుంపుతో కలిసి ఉన్నది అంతే.

చేవెళ్ల వైపు రోడ్డు. జనవరి చలి. ఉదయం ఆరున్నరకి దాదాపు నలభై మందిమి లైన్లో నిలబడ్డాం. 38 కిలోమీటర్లు. వీకెండ్‌లో వంద కిలోమీటర్లు తొక్కిన ఫొటోలు నా ఫోన్లో బోలెడు ఉన్నాయి కాబట్టి ఇదో లెక్కా అనుకున్నా. విజిల్ ఊదారు. పదకొండో నిమిషంలో చిన్న ఎత్తు వచ్చింది. బైకు మీద వెళ్తే అక్కడ ఎత్తు ఉందని కూడా తెలియదు. ముందువాడి చక్రానికీ నా చక్రానికీ మధ్య ఒక మీటరు గ్యాప్ పడింది. తర్వాత మూడు. తర్వాత పది. గుండె 184 కొట్టుకుంటోంది. రంగురంగుల జెర్సీలన్నీ ఒకే ముద్దగా దూరమైపోతుంటే, బస్సు మిస్సయినవాడిలా చూస్తూ ఉండిపోయా.

వెనక వస్తున్న ట్రాలీ ఆటో పక్కకొచ్చింది. ఆగిపోయినవాళ్లని ఎక్కించుకోవడానికే అది. డ్రైవరు కుర్రాడు జాలిగా అడిగాడు. "ఎక్కుతవా అన్నా?"

ఎక్కలేదు. ఒక్కడినే మొత్తం తొక్కా. చేరేసరికి టెంటు విప్పుతున్నారు. ఒకాయన ఖాళీ వాటర్ క్యాన్లు ఏరుతున్నాడు. నన్ను చూసి ఓ అరటిపండు ఇచ్చాడు. ఆ రేసులో నాకొచ్చిన బహుమతి అదే.

అసలీ పిచ్చి ఎలా పట్టిందంటే...

మాది ఖమ్మం. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఇంజినీరింగ్ చదివి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. వయసు 28. మూడేళ్లు కుర్చీలో కూర్చున్నాక ప్యాంట్లు బిగుతయ్యాయి. ఫ్రెండ్ ఒకడు సైకిల్ తొక్కమన్నాడు. మొదట మామూలు గేర్ సైకిల్. తర్వాత 88 వేలు పెట్టి రోడ్ బైక్ కొన్నా. రేటు అమ్మకి తెలియదు. నాన్నకి చెప్పా. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంజిన్ లేకుండానా?" అన్నారు.

2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మొదలైంది. రెండు ముక్కలుగా మొత్తం 23 కిలోమీటర్లు. నీడ ఉంటుంది, లారీలు ఉండవు. మా రూమ్ నుంచి దగ్గర. ఆఫీసుకి ముందు రోజూ అక్కడే. యాప్‌లో నా టైమింగ్ తగ్గుతూ వచ్చింది. నేను ఫాస్ట్ అని నేనే డిసైడైపోయా. జనవరి రేసుతో ఆ సంగతి తేలిపోయింది.

రేసు అయిన రెండు వారాలకి అదే ట్రాక్ మీద పళ్లు బిగబట్టి తొక్కుతున్నా. పాత స్టీలు సైకిలు మీద ఒక పెద్దాయన చప్పుడు లేకుండా పక్కకొచ్చాడు. తెల్లజుట్టు. నాకేమో ఊపిరి అందడం లేదు, ఆయన మాత్రం టీ కొట్టు దగ్గర నిలబడ్డంత తీరిగ్గా అడిగాడు.

"ఏం బాబూ, ఎవరి మీద కోపం? తొక్కుతలేవ్ నువ్వు, గుద్దుతున్నవ్."

అదీ మా సార్‌తో పరిచయం. పేరు రాయొద్దన్నాడు కాబట్టి సార్ అనే రాస్తున్నా. ఒకప్పుడు ట్రాక్ సైక్లిస్టు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం చేశాడు. ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌లో పిల్లలకి నేర్పిస్తుంటాడు. నాలాంటి ఉద్యోగస్తుల్ని ఐదారుగురిని కూడా చూసుకుంటాడు. నేర్పిస్తారా అని అడిగితే రెండు షరతులు పెట్టాడు.

"నేనిచ్చిన షీట్ చేయాలె. ఎక్కువొద్దు, తక్కువొద్దు. రెండోది, రోజూ పొద్దుగాల మెసేజ్ పెట్టాలె. ఎంత పడుకున్నవ్, కాళ్లు ఎట్లున్నయ్, మనసెట్లుంది. గీ మూడే."

ఇంతేనా అనుకున్నా. ఆ మూడు ప్రశ్నలే నా కొంప ముంచుతాయని అప్పుడు తెలియదు.

నెమ్మదిగా తొక్కడం ఎంత కష్టమో

ముందు ఒక పవర్ మీటర్ కొనిపించాడు, సెకండ్‌హ్యాండ్‌ది. పెడల్ మీద మనం ఎంత శక్తి పెడుతున్నామో వాట్లలో చూపిస్తుంది. గాలి ఎటు వీచినా, రోడ్డు ఎలా ఉన్నా ఆ అంకెకి సంబంధం లేదు. తర్వాత టెస్టు. ఇరవై నిమిషాలు ఒంట్లో ఉన్నదంతా పెట్టి తొక్కాలి. వచ్చిన సగటులో 95 శాతం తీసుకుంటే, మనం ఓ గంటసేపు నిలబెట్టగలిగే శక్తి సుమారుగా తెలుస్తుంది. దాన్నే ఎఫ్‌టీపీ అంటారు. ట్రైనింగ్ ప్లాన్ మొత్తం ఆ ఒక్క అంకె మీదే కడతారు.

నేను 240 వాట్లతో హీరోలా మొదలుపెట్టా. ఆరో నిమిషానికి కళ్లు తిరిగాయి. మిగతా పద్నాలుగు నిమిషాలు ఎలా గడిచాయో దేవుడికే తెలుసు. సగటు 181. ఎఫ్‌టీపీ 172. నా బరువు 79 కిలోలు. అంటే కిలోకి 2.2 వాట్లు కూడా లేవు. ఎత్తు ఎక్కేటప్పుడు పనికొచ్చేది ఈ కిలోకి ఎన్ని వాట్లు అనే లెక్కే. చేవెళ్ల రోడ్డులో ఆ చిన్న ఎత్తు దగ్గరే నా కథ ఎందుకు ముగిసిందో అప్పుడు అర్థమైంది.

షీట్ వచ్చింది. వారంలో ఐదు రోజులు. అందులో మూడు రోజులు 96 నుంచి 129 వాట్ల మధ్యే తొక్కాలి. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా. మిగతా రెండు రోజులే గట్టిగా. మూడు వారాలు శ్రమ, నాలుగో వారం తేలిక.

ఇది నాకు అస్సలు ఎక్కలేదు. ఫాస్ట్‌గా వెళ్లడానికి కోచ్‌ని పెట్టుకుంటే నెమ్మదిగా వెళ్లమంటాడేంటి? నెమ్మదిగా ఎక్కువసేపు తొక్కితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయని, కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం ఒంటికి అలవాటవుతుందని, అలా పునాది వేస్తేనే గట్టి రోజుల్లో గట్టిగా తొక్కగలమని సార్ చెప్పాడు. బుర్రకి ఎక్కింది కానీ ఇగో ఒప్పుకోవాలిగా. ఒకరోజు నార్సింగి దగ్గర స్కూల్ బ్యాగు తగిలించుకున్న పిల్లాడు గేర్లు లేని సైకిల్ మీద నన్ను దాటేసి వెనక్కి తిరిగి నవ్వాడు. నేను హెల్మెట్, కళ్లజోడు, టైట్ నిక్కర్‌తో 110 వాట్ల దగ్గర తల దించుకుని తొక్కుతున్నా. వాణ్ని దాటేయాలని కాళ్లు లాగేశాయి. దాటలేదు. ఎందుకంటే ఫైల్ సాయంత్రానికి సార్ ఫోన్లో ఉంటుంది. వాట్లు దాచలేం.

కానీ మీటరు చెప్పని సంగతులు కూడా ఉంటాయి.

నా అబద్ధం

ఏప్రిల్‌లో ఆఫీసులో రిలీజ్ పడింది. రాత్రి రెండింటి దాకా కాల్స్. పొద్దున నాలుగున్నరకి అలారం. రెండున్నర గంటల నిద్ర. సార్‌కి మెసేజ్ పెట్టా. "7 గంటలు. కాళ్లు బాగున్నాయి. మనసు బాగుంది."

ఎందుకు అబద్ధం చెప్పానో చాలాసార్లు ఆలోచించా. నిజం చెబితే ఆ రోజు రెస్ట్ ఇస్తాడని భయం. డబ్బు కడుతున్నాను కదా, ఒక్క రోజూ వదలకూడదు అన్న లెక్క ఒకటి. అన్నిటికంటే పెద్దది, మంచి స్టూడెంట్ అనిపించుకోవాలన్న ఆశ. ఇది నాకు కొత్త కాదు. రోజూ పదింటికి ఆఫీస్ మీటింగులో ఇదే పని. కోడ్ సగం కూడా అవ్వదు, నోరు మాత్రం "ఆన్ ట్రాక్" అంటుంది. స్కూల్లో, కాలేజీలో, ఇంట్లో, ఎవరు అడిగినా "అంతా ఓకే" అని పెరిగినవాణ్ని. పొద్దున్నే వాట్సాప్‌లో ఇంకో ఓకే కొట్టడం ఎంతసేపు?

ఏప్రిల్ చివర్లో కుడి మోకాలి ముందు భాగంలో సన్నగా నొప్పి మొదలైంది. "కాళ్లు బాగున్నాయి." మెట్లు దిగుతుంటే పొడిచినట్టు ఉండేది. "కాళ్లు బాగున్నాయి." మంట తగ్గడానికి స్ప్రే కొట్టుకుని తొక్కా. "కాళ్లు సూపర్ సార్." మూడు వారాలు ఇదే రాశా.

మే నెలలో ఒక ఆదివారం సార్ మమ్మల్ని వికారాబాద్ దగ్గర అనంతగిరికి తీసుకెళ్లాడు. ఎత్తు మీద నాలుగుసార్లు గట్టిగా తొక్కాలి. ఆయన స్కూటర్ మీద వెనక వస్తున్నాడు. రెండోసారి సగం ఎక్కానో లేదో, మోకాల్లో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. పెడల్ తిరగలేదు. షూ పెడల్‌లోంచి ఊడే లోపే సైకిల్‌తో సహా పక్కకి పడిపోయా.

సార్ పరిగెత్తుకొచ్చాడు. మోకాలు పట్టుకుని చూశాడు. "గిది ఇయ్యాల్టిది కాదు. ఎన్నొద్దులాయె?"

నేను తల ఎత్తలేదు. "మూడు వారాలు సార్."

తిడతాడనుకున్నా. తిట్టలేదు. స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని కిందికి దించాడు. టీ ఇప్పించాడు. సగం టీ తాగాక మెల్లగా అన్నాడు. "నీ కాళ్లల్లకి దూరి నేను చూడలేను కద బాబూ. నువ్వు చెప్పిందే నాకు కండ్లు. నువ్వేమో నా కండ్లకు గంతలు కడ్తివి."

ఆ తర్వాత ఆయన కథ చెప్పాడు. ఇరవై రెండేళ్లప్పుడు సెలెక్షన్ ట్రయల్స్ ముందు నడుం నొప్పి వచ్చిందట. కోచ్‌కి చెబితే పక్కన పెడతాడని దాచాడు.

"సెలెక్టయ్యారా సార్?"

"అయిన."

"మరి?"

"పోలే." అంతే. ఇంకేం చెప్పలేదు. గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఒకటిన్నర సెంటీమీటర్లు

నా సైకిల్ ఎక్కించుకుని వెళ్లిన సార్ సాయంత్రం ఫోన్ చేశాడు. "సీటు దిగింది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. సీటు గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంప్ వదులైందట. గతుకులకి రోజూ కొంచెం కొంచెంగా గొట్టం కిందికి జారింది. మొత్తం ఒకటిన్నర సెంటీమీటర్లు. సీటు కిందికుంటే ప్రతి తొక్కుకీ మోకాలు అవసరానికి మించి వంగుతుంది, ముందు భాగం మీద ఒత్తిడి పడుతుంది. నిమిషానికి ఎనభైసార్లు, గంటకి 4,800 సార్లు. మూడు వారాలకి ఎన్నో మీరే లెక్కేసుకోండి.

మొదటి రోజే "కుడి మోకాలు నొప్పి" అని రెండు ముక్కలు రాసి ఉంటే సార్ ముందు చూసేది సీటే. ఒక అలెన్ కీ, ఐదు నిమిషాలు. బగ్ మొదటి రోజు దొరికితే ఒక లైను మారిస్తే చాలు, రిలీజయ్యాక దొరికితే రాత్రుళ్లు పోతాయి. ఈ మాట జూనియర్లకి నేనే క్లాసు పీకుతుంటా.

ఫిజియో దగ్గరికి వెళితే ముందు సైకిల్ పూర్తిగా మానేయమంది. సార్ షీట్ పంపాడు. మూడు వారాల గళ్లన్నిట్లో సున్నాలే. కింద ఒక లైను. "మెసేజ్ మాత్రం బంద్ కావద్దు."

అంటే నన్ను వదిలేయలేదన్నమాట. ఆ లైను ఎన్నిసార్లు చదివానో.

వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఖమ్మం వెళ్లా. నేను కుంటడం చూసి నాన్న అడిగితే జరిగింది మొత్తం చెప్పేశా. అరుగు మీద కూర్చుని విన్నారు.

"మా డిపోలో రాత్రి బండి లోపలికి రాగానే డ్రైవర్లు కంప్లయింట్ రాసేవాళ్లురా. బ్రేక్ పట్టేస్తోంది, స్టీరింగ్ లాగుతోంది అని. పేజీ నిండా రాసేవాడంటే కొత్త మెకానిక్కులకి విసుగు. నాకు మాత్రం ఏమీ రాయనివాడంటేనే భయం. వాడి బండి ఎప్పుడో ఘాట్ రోడ్డు మీద ఆగుతుంది."

"నాది అక్కడే ఆగింది నాన్నా."

ఆయన నవ్వారు. తర్వాత అడిగారు. "సీటు గొట్టం మీద గుర్తు పెట్టుకోలేదా?"

అవును. అంత చిన్న పని. వెళ్లగానే సార్ చూపించిన ఎత్తులో సీటు బిగించి గొట్టం చుట్టూ ఎర్ర ఇన్సులేషన్ టేపు అంటించా. టేపు కనిపిస్తే సీటు సరిగ్గా ఉన్నట్టు. కనబడకపోతే దిగినట్టు.

ఈరోజు వద్దనిపిస్తోంది సార్

జూన్‌లో మళ్లీ మొదలైంది. మెసేజ్‌లు మారాయి. మొదట్లో నిజం టైప్ చేయడానికి వేళ్లు మొరాయించేవి. "4 గంటలు. కాళ్లు బరువు. మనసు చిరాకు. ఈరోజు వద్దనిపిస్తోంది సార్" అని మొదటిసారి రాసి, సెండ్ కొట్టి, ఫోన్ బోర్లా పెట్టేశా. రెండు నిమిషాలకి రిప్లై. "సరే. పండుకో."

అంతే! దీని కోసమా నేను మూడు వారాలు మోకాలు అరగదీసుకున్నది?

తమాషా ఏంటంటే, నిజం రాయడం మొదలుపెట్టాక మానేసిన రోజులు అనుకున్నన్ని లేవు. జూన్ నుంచి నవంబరు దాకా మొత్తం తొమ్మిది. కానీ తొక్కిన రోజులు నిజంగా తొక్కినవే. ఆగస్టులో ఒకసారి ఆఫీసు మీటింగులో కూడా "ఇది శుక్రవారానికి అవ్వదు" అని నోరు తెరిచి చెప్పా. మేనేజర్ ముఖం మాడ్చాడు. అయినా ఆ రాత్రి ఆరు గంటలు పడుకున్నా.

ఆ వర్షాకాలమే సార్ వెలోడ్రోమ్‌లో గుంపులో తొక్కడం నేర్పించాడు. వేగం రెట్టింపు చేయాలంటే గాలిని తోయడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అందుకే ముందువాడి చక్రం వెనక దగ్గరగా ఉండటం సగం విద్య. సరిగ్గా ఉంటే పావు వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ మిగులుతుంది. ఇంజినీరింగ్‌లో చదివిన ఈ లెక్క నాకు తెలుసు. కానీ నలభై కిలోమీటర్ల వేగంలో అర మీటరు దూరంలో చక్రం కనిపిస్తుంటే చేయి దానంతటదే బ్రేక్ మీదికి పోతుంది. జనవరి రేసంతా నేను భయంతో గుంపు పక్కన, గాలిలో తొక్కానని అప్పుడర్థమైంది.

"చక్రాన్ని చూడకు. ముందుగాని నడుము చూడు, భుజాలు చూడు. వాడు ఏం చేస్తడో ముందు అవే చెప్తయ్" అనేవాడు సార్. రెండు నెలలు పట్టింది. ఓసారి పడ్డా. మోచేయి చెక్కుకుపోయింది. సాయంత్రం మెసేజ్‌లో అది కూడా రాశా.

నవంబరు టెస్టులో ఇరవై నిమిషాల సగటు 226. ఎఫ్‌టీపీ 215. బరువు 73. కిలోకి 2.9. ఆ అంకె చూసి ఎగిరి గంతేసి సార్‌కి ఫోన్ చేశా. "మంచిది" అని పెట్టేశాడు.

అదే ఎత్తు

డిసెంబరులో మళ్లీ చేవెళ్ల రోడ్డు. అదే 38 కిలోమీటర్లు. ఈసారి 44 మందిమి. ముందు రోజు రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే రాశా. "3 గంటలు. కాళ్లు బాగున్నాయి. భయంగా ఉంది." రిప్లై వచ్చింది. "రేసు ముందు రోజు ఎవనికీ నిద్ర రాదు. మొన్నటి నిద్ర చాలు. ఎత్తు దగ్గర ముందల ఉండు."

ఎత్తు దగ్గర గుంపు ముందు వైపు ఉంటే, ఎక్కేటప్పుడు నలుగురు దాటేసినా ఇంకా గుంపులోనే ఉంటాం. ఇంత చిన్న కిటుకు. పది నిమిషాలు అయ్యేసరికి మెల్లగా జరుగుతూ ఎనిమిదో స్థానంలోకి వచ్చా. పదకొండో నిమిషం. అదే ఎత్తు, అదే వేపచెట్టు. తొడలు మండాయి. ఇద్దరు దాటారు. ముగ్గురు. ఇంకా ఐదుగురు. ముందువాడి నడుం తప్ప ఇంకేం చూడలేదు. పైకి వచ్చాక తల తిప్పి చూశా. నా వెనక ఇంకా మనుషులున్నారు!

ఆ తర్వాత యాభై నిమిషాలు నేను చూసినంత అందమైన రోడ్డు ఇంకోటి లేదు. ముప్పై చైన్ల చప్పుడు ఒకేసారి వినిపిస్తే వర్షం మొదలైనట్టు ఉంటుంది.

చివర్లో తొందరపడ్డా. ఇంకా 400 మీటర్లుండగానే స్ప్రింట్ మొదలెట్టా. నూట యాభై మీటర్ల దగ్గర కాళ్లు ఆరిపోయాయి. ఒక్కొక్కరే దాటేశారు. 17వ స్థానం. టెంటు మాత్రం నిలబడే ఉంది. అరటిపండ్లు పెట్టెల నిండా ఉన్నాయి. రెండు తిన్నా.

సార్ వచ్చాడు. "రెండొందల కాడ లేవాల్సింది. తొందరపడ్డవ్." భుజం మీద చేయి వేసి, "మంచిగనే తొక్కినవ్" అన్నాడు. నాన్నకి ఫోన్ చేస్తే ర్యాంకు అడగలేదు. "టేపు కనిపిస్తోందా?" అన్నారు. వంగి చూశా. సీటు కింద ఎర్రగా, పెట్టినచోటే ఉంది.

మర్నాడు పొద్దున ఆలస్యంగా లేచా. మెసేజ్ పెట్టడం మర్చిపోయా. ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"కాళ్లు ఎట్లున్నయ్?"

"పీకుతున్నాయి సార్. మెట్లు దిగలేకపోతున్నా."

"మోకాలా, తొడలా?"

ఒక్క క్షణం ఆగి, కాలు చాపి, వంచి, నిజంగా చూసుకున్నా.

"తొడలే సార్. మోకాలు బాగుంది."

"అయితే ఇయ్యాల షీట్‌ల ఏం లేదు" అని పెట్టేశాడు.